కోటిలింగం మంచివాడు కాడు

"ప్రేక్షకుడికి హీరో మీద ఇష్టం పుట్టాలండీ," అన్నాడు ఉమాశంకర్.

"ఇష్టం దేనికి? పిల్లనిస్తాడా ఏంటి?" అన్నాడు యాకూబ్.

పామర్రు సెంటర్లో టీకొట్టు ముందు ఇద్దరూ కూర్చుని అప్పటికి గంటన్నర అయింది. ఉమాశంకర్‌ది గుడివాడ. ముప్పై నాలుగేళ్ళ మనిషి, ఇప్పటికి రెండు చిన్న సినిమాలు తీశాడు. యాకూబ్‌ది బందరు, అరవైకి ఒక్క ఏడాది తక్కువ. ఒకరి ఊరికి ఇంకొకరు వెళ్తే తగ్గినట్టవుతుందేమోనని ఇద్దరూ ఈ పామర్రులో కలుస్తున్నారు. ఇది నాలుగోసారి. నాలుగుసార్లూ ఇదే గొడవ, ఇదే టీ, ఇవే ఉప్పు బిస్కెట్లు.

గొడవంతా కోటిలింగం గురించి. కోటిలింగం యాకూబ్ రాసిన నవలలో మనిషి. 'కోటిలింగం కాపురం' అని ఆ నవల ఇరవై రెండేళ్ళ కిందట ఒక వారపత్రికలో ముప్పై వారాలు వచ్చింది, తర్వాత పుస్తకమైంది. చదివినవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వారు. అవనిగడ్డ నుంచి ఒకాయన, ఆపరేషన్ చేయించుకుని ఆస్పత్రి మంచం మీద ఇది చదివాననీ, కుట్లు ఊడితే పూచీ మీదేననీ ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరాన్ని యాకూబ్ భార్య జైతూన్ బీ ఇప్పటికీ బీరువాలో పెళ్ళిచీర కింద దాచి ఉంచింది.

ఒక్క నవల రాసినంత మాత్రాన యాకూబ్‌ని రచయిత అనుకునేరు. ఆయన పని కలంకారీ అద్దకానికి చెక్క అచ్చులు చెక్కడం. తండ్రి చెక్కాడు, తాత చెక్కాడు. టేకు పలక మీద నెమలినో తీగనో తిరగేసి గీసుకుని, ఉలితో ఇంత లోతున తవ్వుతూ రోజుకి పది గంటలు కూర్చుంటాడు. ఆ పనిలో వాళ్ళకో పట్టుదల ఉంది. గుడ్డ మీద నెమలి కనపడాలి గానీ చెక్కినవాడి చెయ్యి కనపడకూడదు. ఎక్కడైనా ఉలి జారి ఓ గీత పడి, అది అద్దకంలోకి వచ్చిందంటే ఆ అచ్చు పొయ్యిలోకే. యాకూబ్ తండ్రి అచ్చు మీద బొటనవేలితో రాసి చూసి, గరుకు తగిలితే వాకిట్లోకి విసిరేసేవాడు. "నువ్వెక్కడున్నావో తెలిసిపోతోందిరా, తీసెయ్," అనేవాడు. ఆ మాట వింటూ పెరిగిన మనిషి యాకూబ్.

మరి కోటిలింగం ఎక్కణ్ణుంచి వచ్చాడంటే, సత్యనారాయణ నుంచి వచ్చాడు. సత్యనారాయణకి గూడూరు దగ్గర, కాలవ గట్టునే అద్దకం షెడ్డు ఉంది. యాకూబ్ అచ్చుల్లో సగం ఆ షెడ్డుకే వెళ్తాయి. ఆయనకిప్పుడు డెబ్బై ఒకటి. యాకూబ్ ఆయన్ని మావయ్యా అంటాడు, ఆయన యాకూబ్‌ని అల్లుడూ అంటాడు. చుట్టరికం ఏమీ లేదు, నలభై ఏళ్ళుగా పిలుచుకుంటున్నారంతే. సత్యనారాయణ ఎలాంటివాడని అడిగితే, షెడ్డులో పన్నెండుమంది అద్దకంవాళ్ళూ ఒకేసారి మొదలుపెడతారు. గుడ్డ తడపడానికి కరక్కాయ నీళ్ళలో గేదెపాలు కలుపుతారు, రంగు పక్కకి పాకకుండా. ఆ పాలల్లో మీగడ తీసుకు తినేసి, కాలవనీళ్ళు పోసి, తర్వాత నల్లరంగు పాకి నెమళ్ళన్నీ గిన్నెకోళ్ళలా ఉబ్బిపోతే, పాలు పోసిన మత్తయి ఇంటికి వెళ్ళి నానా తిట్లూ తిట్టి వచ్చిన ఘనుడు సత్యనారాయణ. బంటుమిల్లిలో పెళ్ళికెళ్ళి, రెండుసార్లు భోంచేసి, నన్ను భోజనానికి లెమ్మన్న నాథుడు లేడని పెళ్ళికూతురి తండ్రితో పోట్లాడింది కూడా ఆయనే.

ఇవన్నీ యాకూబ్ రాసుకుంటూ పోయాడు. పేరొక్కటే మార్చాడు. పత్రిక వచ్చిన ప్రతి గురువారం దాన్ని పట్టుకుని షెడ్డుకి వెళ్ళేవాడు. అద్దకంవాళ్ళు బల్లల ముందు నిలబడి అచ్చు కొడుతూ ఉంటే, గడపలో స్టూలేసుకుని పైకి చదివేవాడు. చేతులు ఆగాల్సిన పనిలేదు కదా, చెవులు ఖాళీయే. తనే చదువుతూ తనే ముందు నవ్వేసేవాడు. మాట సగంలో ఆగి, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ అందుకునేవాడు. సత్యనారాయణ అయితే బుధవారం నుంచే అడగడం మొదలు. "ఏరా అల్లుడూ, ఈ వారం నేనేం వెధవపని చేశాను?" పెళ్ళి భోజనం సంగతి చదివిన రోజున మాత్రం ఆయనకి కోపం వచ్చింది. "రెండుసార్లని రాశావేంటి? నేను మూడుసార్లు తిన్నాను," అని తగువు పెట్టుకున్నాడు. పుస్తకంగా వచ్చాక పాతిక కాపీలు కొనిపించి చుట్టాలందరికీ పంచాడు, ఇందులో ఉన్నది నేనేనని.

అందుకే ఉమాశంకర్ వచ్చి సినిమా తీస్తానన్నప్పుడు యాకూబ్ కంటే సత్యనారాయణే ఎగిరి గంతేశాడు. "పోయేలోపు నన్ను నేను తెర మీద చూసుకోవాలిరా అల్లుడూ. ఒక్క ముక్క మార్చనివ్వకు," అన్నాడు. యాకూబ్ సరేనన్నాడు. ఆ సరే దగ్గరే వచ్చింది చిక్కంతా.

ఉమాశంకర్ కోటిలింగానికి చిన్నప్పటి కష్టాలు పెడతానన్నాడు. తల్లి ఆకలితో పోయిందట, అందుకని పిసినారి అయ్యాడట. యాకూబ్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. "మనిషి పిసినారిగా ఉండటానికి తల్లిని చంపాలా? నా ఎరికలో ఉన్న పిసినార్లందరి తల్లులూ నిక్షేపంగా ఉన్నారు," అన్నాడు. పోనీ చివర్లో మారినట్టు చూపిస్తానన్నాడు ఉమాశంకర్. "మారడు," అన్నాడు యాకూబ్. పోనీ ఓ కుక్కపిల్లకి బిస్కెట్ వేస్తాడన్నాడు. "వాడు వెయ్యడు. కుక్క దగ్గర బిస్కెట్ ఉంటే లాక్కుంటాడు."

"అలాంటివాణ్ణి రెండు గంటలు ఎవరు చూస్తారండీ? జనం లేచి వెళ్ళిపోతారు."

"ఇరవై రెండేళ్ళ నుంచి చదువుతున్నారు కదా. ఎవరూ లేచి వెళ్ళలేదే."

"పుస్తకం వేరండీ. అందులో..." అని ఉమాశంకర్ కాస్త ఆగాడు. సరిగ్గా చెప్పడం వచ్చినట్టు లేదు పాపం. "అందులో మీరు చెప్తూ ఉంటారు కదా. ఆ చెప్పే మాటలు నాకు చాలా ఇష్టం. పోనీ ఓ పని చేద్దాం. సినిమా పొడుగునా వెనకాల మీ గొంతు పెడదాం. మీరే చెప్తుండండి."

ఇదిగో, ఇక్కడ ఒప్పుకుని ఉంటే ఈ కథే లేదు. కానీ యాకూబ్‌కి ఆ మాట ఉలి జారినంత పనైంది. బొమ్మ మీద చెక్కినవాడి గీతా? నలుగురూ కోటిలింగాన్ని చూడ్డానికి వస్తే మధ్యలో నేనెవర్ని అనుకున్నాడు. "అదొక్కటి మాత్రం వద్దండీ. నేనెక్కడున్నానో తెలియకూడదు. మనుషుల్ని ఉన్నదున్నట్టు చూపించండి, జనం నవ్వకపోతే నన్నడగండి," అన్నాడు. అనడమే కాదు, కాగితం మీద రాయించి సంతకం పెట్టించుకున్నాడు. కోటిలింగంలో ఉన్న లోపం ఒక్కటి తీయకూడదు, లేని మంచి ఒక్కటి కలపకూడదు, వెనకాల ఎవరి గొంతూ ఉండకూడదు. ఉమాశంకర్ విసుగ్గా సంతకం పెట్టి, టీ సగంలో వదిలేసి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం జైతూన్ బీ అంతా విని, "మీ గొంతు పెడతానంటే వద్దన్నారా? అదేం పొయ్యేకాలం?" అంది. యాకూబ్ ఆవిడ మీద కూడా విసుక్కున్నాడు.

ఏడాది తిరిగేసరికి సినిమా తయారైంది. విడుదలకి వారం ముందు గుడివాడలో ఒక హాల్లో ఉదయం ఆట వేసి చూపిస్తామని, షెడ్డులోవాళ్ళందర్నీ తీసుకురమ్మని ఉమాశంకర్ ఫోన్ చేశాడు. షెడ్డుకి సెలవిచ్చారు. సత్యనారాయణ షెడ్డుకి సెలవివ్వడం పదేళ్ళలో అదే మొదటిసారి. వ్యాన్ మాట్లాడుకుని గూడూరు నుంచి బయల్దేరారు. సత్యనారాయణ గంజి పెట్టిన పంచె కట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. హాలు దగ్గర టికెట్లు చింపే అతనితో, "కోటిలింగం అంటే నేనే బాబూ," అని చెప్పుకున్నాడు. అతను ఒకసారి చూసి లోపలికి వెళ్ళమన్నాడు. బయటివాళ్ళు కూడా రెండొందల మంది దాకా వచ్చారు. యాకూబ్‌కి ఓ పక్క జైతూన్ బీ, ఓ పక్క సత్యనారాయణ.

సినిమా మొదలైంది. వేషం వేసినతను మంచి నటుడే. నడక సత్యనారాయణ నడకే, గొంతు సవరించుకోవడం సత్యనారాయణదే. మీగడ తీశాడు, తిన్నాడు, మూతి తుడుచుకున్నాడు, కాలవనీళ్ళు పోశాడు. షెడ్డులో ఈ ఘట్టం చదివినప్పుడు అచ్చులు కింద పెట్టేసి మరీ నవ్వారు జనం. ఇక్కడ ఎవరూ కిక్కురుమనలేదు. తర్వాత మత్తయి ఇంటికెళ్ళాడు. మత్తయి వాకిట్లో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కోటిలింగం తిడుతున్నాడు. ఒక్క తిట్టు కూడా మార్చలేదు, అన్నీ యాకూబ్ రాసినవే. గుమ్మంలో ఇద్దరు ఆడపిల్లలు తలుపు పట్టుకుని నాన్న కేసి చూస్తున్నారు.

"ఛీ, ఏం మనిషి," అంది వెనకాల వరసలో ఒకావిడ.

యాకూబ్‌కి చిర్రెత్తింది. ముందు ఆవిడ మీద. నవ్వడం చేతకాని జనం అనుకున్నాడు. తర్వాత ఆ నటుడి మీద. అంత గట్టిగా అరవాలా? తర్వాత ఉమాశంకర్ మీద. అంత దగ్గరగా చూపించాలా మొహాన్ని? కుర్చీలో అటూ ఇటూ కదులుతున్నాడు. పెళ్ళి భోజనం వచ్చింది. పెళ్ళికూతురి తండ్రి చేతులు జోడించాడు, ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముందు వరసలో ముగ్గురు లేచి వెళ్ళిపోయారు. ఇంకో నిమిషానికి ఇంకో ఇద్దరు.

ఇక ఉండబట్టలేకపోయాడు. అంతలో కోటిలింగం మళ్ళీ మత్తయి కొట్టం దగ్గరికి వచ్చాడు, ఈసారి గేదెని తిట్టడానికి. యాకూబ్ నోరు దానంతటదే కదిలింది. పుస్తకంలో ముక్కే, మెల్లగా, తనలో తను చెప్పుకున్నట్టు అన్నాడు. "గేదె కోటిలింగాన్ని ఎగాదిగా చూసి, పెద్దమనిషి కాడని తేల్చుకుని, మళ్ళీ గడ్డిలో తల పెట్టింది."

జైతూన్ బీ కిసుక్కుమంది. వెనక నుంచి అద్దకంవాళ్ళు నలుగురు ఫెళ్ళున నవ్వారు. యాకూబ్‌కి ప్రాణం లేచొచ్చింది. తర్వాతి ముక్క కాస్త గట్టిగా అన్నాడు. ఇంకో వరస నవ్వింది. ఆ వరసలో ఆయనెవరో ఎరగనివాళ్ళు కూడా ఉన్నారు. తెర మీద అదే మనిషి, అవే తిట్లు, అదే గేదె, కానీ ఇప్పుడు నవ్వొస్తోంది. ఇంతలో నాలుగు వరసల అవతల నుంచి ఒకాయన వెనక్కి తిరిగి, "ఏవండీ, సినిమా చూడనిస్తారా?" అన్నాడు. యాకూబ్ నోరు మూసుకున్నాడు. మూసుకున్న మరుక్షణం హాలంతా మళ్ళీ నీరుకారిపోయింది. తన గొంతు వద్దని తను చేసిన పని ఏంటో యాకూబ్‌కి అప్పుడు తెలిసింది. తెలిసి ఏం లాభం, ఇంకా గంటా పది నిమిషాలు సినిమా ఉంది. ఆ గంటా పది నిమిషాలూ పళ్ళు బిగపట్టి కూర్చున్నాడు. సత్యనారాయణ ఒక్కసారి కూడా నవ్వలేదు.

బయటికి వచ్చాక ఉమాశంకర్ మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మీరు చెప్పినట్టే తీశానండీ. ఒక్కటి మార్చలేదు," అన్నాడు.

యాకూబ్ నాలుగు కడిగేద్దామనే వెళ్ళాడు. కానీ అతను చెప్పింది అక్షరాలా నిజం. దులిపెయ్యడానికి ఒక్క తప్పు దొరికినా బావుండేది. "ఇప్పుడు నా గొంతు పెట్టొచ్చా?" అని అడిగాడు చివరికి, సిగ్గు విడిచి. "కాపీలన్నీ వెళ్ళిపోయాయండీ. వారంలో విడుదల," అన్నాడు ఉమాశంకర్.

వ్యాన్‌లో తిరుగుదారి పట్టారు. పామర్రులో టీకి ఆపారు. అందరూ దిగారు, సత్యనారాయణ దిగలేదు. యాకూబ్ గ్లాసు పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు.

"నాకొద్దు," అన్నాడు సత్యనారాయణ. "అల్లుడూ, నేను తిట్టేటప్పుడు మత్తయి పిల్లలు అక్కడున్నారా?" అని అడిగాడు.

"ఉన్నారు మావయ్యా. ఆ రోజు నేను నీ పక్కనే ఉన్నాను కదా."

"పుస్తకంలో లేరు కదా?"

"ఉన్నారు. పిల్లలు గుమ్మంలోంచి చూస్తున్నారు అని ఒక్క ముక్క."

"మరి నాకు వినపడలేదే."

లేదని అబద్ధం ఆడేసినా సరిపోయేది. కానీ ఒక్క ముక్క మార్చనని పంతం పట్టి పట్టి యాకూబ్‌కి అబద్ధానికి నోరు తిరగలేదు. "అది చదివేసరికి మీరంతా పెద్దగా నవ్వుతున్నారు మావయ్యా," అన్నాడు. సత్యనారాయణ తల ఊపాడు. టీ చల్లారిపోయింది. యాకూబ్ దాన్ని రోడ్డు పక్కన పారబోశాడు.

సినిమా విడుదలై నాలుగు రోజులాడి వెళ్ళిపోయింది. యాకూబ్‌కి దాని గురించి బెంగ లేదు. ఆయన బెంగంతా షెడ్డు గురించి. సత్యనారాయణ మీగడ ముట్టుకోవడం లేదు. పాలల్లో నీళ్ళు పోయడం లేదు. ఎవరైనా ఆలస్యంగా వస్తే, "ఫర్వాలేదమ్మా, కూర్చో," అంటున్నాడు. అద్దకంవాళ్ళకి కాళ్ళూ చేతులూ ఆడటం లేదు, ముసలాయనకి ఏమైందోనని. ఒకరోజు మత్తయి ఇంటికి కూడా వెళ్ళాడట. మత్తయి భయపడిపోయి, "పాలు బావులేవాండీ?" అని అడిగాడట. పిల్లలేరంటే, పెద్దది నాగాయలంకలో, చిన్నది గన్నవరంలో కాపురాలు చేసుకుంటున్నారని చెప్పాడట. సత్యనారాయణ కాసేపు కొట్టం దగ్గర నిలబడి వచ్చేశాడట. ఇదంతా మత్తయే వచ్చి యాకూబ్‌కి చెప్పి, ఆయన్ని డాక్టరుకి చూపించండి బాబూ అన్నాడు.

యాకూబ్‌కి పిచ్చెక్కినట్టుంది. నేను చూపించమన్నది ఈ మనిషిని, చూపించాక ఈ మనిషే లేకుండా పోయాడే అని జైతూన్ బీ దగ్గర నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. "ఇక్కడ కూర్చుని గింజుకుంటే ఏమొస్తుంది? వెళ్ళి చదవండి. ఆయనకి తెర మీద పడిన దెబ్బ, మీ నోటితోనే మానాలి," అంది ఆవిడ. ఆ మాట బావుందనిపించింది. గురువారం పొద్దున పుస్తకం సంచిలో పెట్టుకుని గూడూరు బస్సెక్కాడు.

షెడ్డులో పని జరుగుతోంది. గడపలో స్టూలు వేసుకున్నాడు. పుస్తకం చూడగానే అద్దకంవాళ్ళ మొహాలు విప్పారాయి. పాల కథే తీశాడు. దాన్ని మించింది లేదు. గొంతు సవరించుకుని, ఎప్పట్లాగే తనే ముందు నవ్వి, మొదలుపెట్టాడు. కోటిలింగం మీగడ తిన్నాడు. నీళ్ళు పోశాడు. నెమళ్ళు ఉబ్బాయి. బల్లల దగ్గర ఒకరిద్దరు నవ్వబోయి, సత్యనారాయణ కేసి చూసి ఆగిపోయారు. ఆయన గోడకి ఆనుకుని, కళ్ళు మూసుకుని వింటున్నాడు. యాకూబ్ ఇంకాస్త ఊపుగా చదివాడు. కోటిలింగం మత్తయి వాకిట్లోకి వచ్చాడు.

"ఆపు అల్లుడూ," అన్నాడు సత్యనారాయణ. కోపంగా అనలేదు.

యాకూబ్ ఆపాడు.

"ఇదివరకు నువ్వు చదువుతుంటే నువ్వే కనపడేవాడివి నాకు. ఆ పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ. ఇప్పుడా పిల్లలు కనపడుతున్నారు."

"ఇంకో పేజీ ఆగితే గేదె వస్తుంది మావయ్యా," అన్నాడు యాకూబ్. బతిమాలినట్టు వచ్చింది గొంతు. "గేదె ముక్క చాలా బావుంటుంది."

"తెలుసు. నాకు మొత్తం కంఠతా వచ్చు," అన్నాడు సత్యనారాయణ. లేచి, కండువా భుజాన వేసుకుని, కాలవ వైపు వెళ్ళిపోయాడు.